చి.ల.సౌ. అని రాయవద్దు

ట్రాఫిక్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
16 ఫిబ్రవరి 1964

చి.ల.సౌ. హైమవతికి మీ అన్నయ్య గణపతిరావు దీవెనలు.

కూర్చుని చదువమ్మా. మొన్న శుక్రవారం నీ భర్త అప్పలకొండ జైలు నుంచి విడుదలయ్యాడు. మిడ్నాపూర్ జైలు గేటు దగ్గరికి నేనూ, చర్చి పెద్ద కృపారావు గారూ, మెస్ నడిపే సింహాచలమ్మా వెళ్లాం. ముందుగా నీకు రాయలేదు. రాస్తే వద్దంటావేమోనని భయం.

కిందటి దసరాకి మన తెలుగువాళ్లం ఇక్కడ ఒక కమిటీ పెట్టామని రాశాను కదా. హిందువులం, క్రైస్తవులం కలిసే పెట్టాం. జైలు నుంచి వచ్చిన మనవాణ్ని గేటు దగ్గర ఎవరూ కలవకపోతే వాడు సాయంత్రానికి సారా దుకాణంలో తేలతాడు, ఆ తర్వాత మళ్లీ జైలుకే చేరతాడు. అందుకని గేటు దగ్గరే చెయ్యి పట్టుకోవాలనుకున్నాం. అలా కలిసిన మొదటి మనిషి పేరు దేముడు, ఇప్పుడు గేట్ బజారులో సైకిళ్లు బాగుచేసుకుంటూ తన తిండి తాను తింటున్నాడు. బావ రెండో మనిషి.

మనిషి బాగా చిక్కిపోయాడు, జుట్టు నెరిసింది. గేటు బయట మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. వేరే ఎవరికోసమో వచ్చామనుకున్నాడట. సింహాచలమ్మ గట్టిగా పిలిచింది. "ఓరి అప్పలకొండా, ఎటెల్తున్నావు? నీకోసవే ఒచ్చినాం. రా, బువ్వ తిందువు గాని." అప్పుడు నిలబడ్డాడు. బస్సులో నన్నడిగిన మొదటి మాట వనజ గురించి. "పిల్ల ఏ కలాసు సదువుతంది బావా?" అన్నాడు. నీ గురించి అడగలేదు. అడగడానికి సిగ్గుపడ్డాడని నాకు తెలిసింది.

సింహాచలమ్మ మెస్ వెనక గదిలో ఉంచాం. మా ఇంట్లో ఉంచుదామంటే మీ వదిన ఒప్పుకోలేదు. ఆవిడ మోకాళ్ల నొప్పులు ఈ చలికి ఎక్కువయ్యాయి, దాంతో కోపమూ ఎక్కువైంది. ఒక్క రెండు ముక్కలు అతనికి రాయి తల్లీ. కమిటీ ఎంత చేసినా ఇంటివాళ్ల మాట ఇంటివాళ్లదే.

నీ మేలు కోరే అన్నయ్య,
గణపతిరావు

*

పార్వతీపురం
27 ఫిబ్రవరి 1964

అన్నయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం చేరింది. ముందుగా ఒక మనవి. కవరు మీద చి.ల.సౌ. అని రాశావు. ఇకమీద అలా రాయవద్దు. శ్రీమతి అని కూడా వద్దు. హైమవతి, టీచరు, బాలికల పాఠశాల అంటే చాలు. ఇక్కడి పోస్టుమాన్ ప్రతి చిరునామా పైకి చదివి గానీ ఉత్తరం ఇవ్వడు. కారణం అడగకు.

వనజ నాలుగో తరగతి. లెక్కలు బాగా చేస్తుంది, తెలుగులో ఒత్తులు మింగేస్తుంది. ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. ఇంటివాళ్లు నూతి దగ్గర కొత్త చప్టా వేయించారు. ఇంతకన్నా విశేషాలు లేవు.

మీ కమిటీ మంచి పని చేస్తోంది. కాదనను. నేను ఉత్తరం రాయలేను. నా చిరునామా అతనికి ఇవ్వవద్దు. తాగుడు మానేశాడా? అది మాత్రం తెలియజెయ్యి.

వదినకి ఆవనూనె వేడి చేసి రాయమను.

హైమ

*

ఖరగ్‌పూర్
22 మార్చి 1964

హైమకి,

నువ్వు చెప్పినట్టే కవరు మీద రాశాను. భర్త మీద ఎంత కోపమున్నా సౌభాగ్యవతి అన్న మాట మీద ఆడదానికి కోపమేమిటమ్మా? మన అమ్మ ఉంటే ఎంత బాధపడేది!

తాగుడు మానేశాడు. నువ్వు అడిగావని అతనికి చెప్పాను. ఆ రోజంతా మొహం వెలిగిపోయింది. "అడిగిందేటి? అదే అడిగిందేటి?" అని నాచేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఆ సంతోషం చూసి, వేసవి సెలవులకి నువ్వూ పిల్లా రావచ్చేమోనని కూడా అన్నాను. తప్పేం లేదు కదా? వస్తావు కదా?

శిక్షపడినవాణ్ని రైల్వే వర్క్‌షాపు మళ్లీ తీసుకోదు. కృపారావు గారు తిరిగి తిరిగి పాత బజారులో ఒక కలప అడితీలో పని కుదిర్చారు. మూడో వారంలో అక్కడ తాళం పగిలింది. ఠాణా నుంచి ముందు బావ దగ్గరికే వచ్చారు. వారానికోసారి ఠాణాకి వెళ్లి కనిపించాలని అతనికి అదివరకే ఆంక్ష ఉంది. తీసుకెళ్లి కూర్చోబెట్టారు. మర్నాడు దొంగ దొరికాడు, యజమాని సొంత మేనల్లుడే. బావని వదిలేశారు. కానీ యజమాని మాత్రం, "దాదా, మీ మనిషి తప్పు లేదు, అయినా నా గిరాకీలు భయపడుతున్నారు" అని పనిలోంచి తీసేశాడు. తప్పు చేసిన మేనల్లుడు గల్లా దగ్గరే కూర్చుంటున్నాడు.

ఇంకొక మాట. కమిటీ మీటింగుకి జోగమ్మ వచ్చింది. ఆనాటి మాతా పూజ ఊరేగింపులో తాగిన మైకంలో బావ ఎత్తిన ఇనుప కడ్డీ ఆమె కొడుకు నూకయ్య తలమీదే కదా పడింది. గుమ్మంలో నిలబడే మాట్లాడింది. "నా కొడుకుని సంపినోడికి గది ఇచ్చినారు, బట్టలిచ్చినారు, పని సూసినారు. బాగుంది బాబూ. నాను ఏడేళ్లు అడుక్కుతిన్నట్టు బతికినాను. మీలో ఒక్కడైనా నా గుమ్మం తొక్కినాడేటి? నానూ కడ్డీ ఎత్తితే సూస్తారేటి?" అంది. ఇంజన్ డ్రైవరు విల్‌ఫ్రెడ్ లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

బావ మూల బెంచీ మీద తలవంచుకుని ఉన్నాడు. నాకు జాలి వేసింది. ఎవరిమీదో చెప్పలేను.

కుటుంబం ఉంటేనే మనిషి నిలబడతాడని కమిటీలో అందరి అభిప్రాయం. సెలవులకి నిన్ను తీసుకురమ్మని కృపారావు గారు నాతో గట్టిగా చెప్పారు. నీ జవాబు కోసం చూస్తాను.

గణపతిరావు

*

పార్వతీపురం
2 ఏప్రిల్ 1964

అన్నయ్యకి,

కారణం అడగవద్దన్నాను. నువ్వు అడగలేదు, నీకు నువ్వే ఒకటి కల్పించుకున్నావు. అంతకన్నా ఘోరం, అతనికి ఆశ పెట్టావు. ఇక చెప్పక తప్పదు.

ఇక్కడ నేను విధవని.

ట్రైనింగు పూర్తయ్యాక ఈ స్కూల్లో ఉద్యోగానికి వచ్చినప్పుడు మేనేజరు గారి భార్య అడిగింది, "మీ ఆయన ఏం చేస్తాడు?" అని. అంతకు ముందు రెండు స్కూళ్లలో నిజం చెప్పాను. రెండుచోట్లా ఉద్యోగం ఖాళీ లేదన్నారు. మూడోచోట నాకు నోరు రాలేదు. ఊరుకున్నాను. ఆవిడ నా మొహం చూసి, "పోయాడా?" అంది. తల ఊపాను. "రైల్వే కదూ? యాక్సిడెంటా?" అంది. దానికీ తల ఊపాను. నేను నోరు తెరిచి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు అన్నయ్యా. ఆ రాత్రి బసలో బొట్టు తుడుచుకుని, గాజులు తీసేసి, మంగళసూత్రం పెట్టె అడుగున దాచాను. మర్నాటి నుంచి ఉద్యోగం, ఇల్లు, వనజకి ఫీజు లేని చదువు అన్నీ వచ్చాయి. హంతకుడి పెళ్లానికి తలుపు తియ్యనివాళ్లు విధవకి పీట వేశారు.

వనజకి అప్పుడు అయిదో ఏడు. దానికీ అదే చెప్పాను.

నువ్వు సౌభాగ్యవతి అని రాసిన కవరు పోస్టుమాన్ వీధిలో పైకి చదివాడు. ఎదురింటావిడ, "మీ అన్నయ్యకి ఇంకా అలవాటు పోలేదు పాపం" అని కళ్లు తుడుచుకుంది.

మీ కమిటీ గురించి ఒక్క మాట. అతనికి శిక్షపడిన రోజున ఆ ట్రాఫిక్ సెటిల్‌మెంటులోనే నేనూ ఉన్నాను, రెండేళ్ల పిల్లతో. కుళాయి దగ్గర నా బిందె పక్కకి తోసేసేవారు. క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసు వస్తే, సామాను బండిలో ఎక్కించడానికి ఒక్క చెయ్యి రాలేదు. నువ్వు డ్యూటీలో ఉన్నావు. వదిన తలుపు వేసుకుంది. జోగమ్మ అడిగింది సరిగ్గానే అడిగింది. ఆవిడ నన్ను శపించింది, అయినా ఆవిడ మాటే నాకు న్యాయంగా వినబడుతోంది.

నేను రాను. ఆ సంగతి నువ్వే అతనికి చెప్పు. ఆశ పెట్టిన నోటితోనే చెప్పు.

హైమ

*

ఖరగ్‌పూర్
3 మే 1964

హైమకి,

నీ ఉత్తరం చదివి నెల్లాళ్లు జవాబు పంపలేకపోయాను. బతికున్న మనిషికి కర్మ చేసినట్టు చేశావు. కోపంతో రెండు ఉత్తరాలు రాసి చించేశాను. బండి దగ్గరికి నేను రాలేదన్న మాట నిజమే. ఇప్పుడు దానికి ఏమని రాయను?

అతనికి చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి దేముడి షాపులో సైకిలు చక్రం బిగిస్తున్నాడు. కలప అడితీ పోయాక దేముడే తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి నడుపుతున్నారు. గిరాకీ ఫరవాలేదు. కొందరు బావని చూసి సైకిలు తిప్పుకుని పోతారు, కొందరు బాగుచేయించుకుంటారు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక సంగతి తెలిసి ఆగిపోయాను.

మీటింగు మర్నాటి నుంచీ అతను తెల్లవారగానే జోగమ్మ గుమ్మంలో బిందెడు నీళ్లు పెట్టి వస్తున్నాడు. ఎవరితోనూ అనలేదు. ఆవిడ తన్నేసేది, వీధిలో పారబోసేది. ఇతను మర్నాడు మళ్లీ పెట్టేవాడు. ఎండలు ముదిరి కుళాయి దగ్గర వరస పెరిగింది. ఆవిడకి నడుము పట్టేసింది. ఒకరోజు బిందె తన్నకుండా లోపలికి తీసుకుందట. తీసుకుని అతనితో, "నీల్లు తాగుతాను. నిన్ను సెమించను. తెలిసిందేటి?" అంది. "తెలిసింది పిన్నీ" అన్నాడట. ఇది నాకు పక్కింటి అప్పలనర్సమ్మ చెప్పింది.

అలాంటివాడితో ఎలా చెప్పనమ్మా, నీ భార్య నిన్ను చంపేసిందని? సెలవులకి ఎప్పుడొస్తారని అడిగితే వనజకి ఆటలమ్మ పోసిందన్నాను. "తగ్గిందా?" అని రోజూ అడుగుతున్నాడు. తగ్గిందన్నాక, "మరయితే ఒస్తారేటి?" అన్నాడు. పరీక్ష పేపర్ల పని ఉందని స్కూలు సెలవివ్వలేదన్నాను. ఒకదాని మీద ఒకటి చెబుతున్నాను.

నువ్వే రాయి హైమా. తిట్టినా సరే, నువ్వు రాస్తేనే బాగుంటుంది.

అన్నయ్య

*

పార్వతీపురం
27 జూన్ 1964

అన్నయ్యకి నమస్కారం.

ఆలస్యమైంది. సెలవులన్నీ ఆలోచనతోనే పోయాయి.

ఆ నీళ్ల బిందె సంగతి రాయకుండా ఉంటే బాగుండేది. నా కోపం ఇన్నాళ్లూ ఒక తాగుబోతు మీద పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు అతనెవరో నాకు తెలియడం లేదు.

దసరా సెలవుల్లో విశాఖపట్నంలో నా ట్రైనింగు స్నేహితురాలు ఎమిలీ ఇంటికి వెళ్తున్నాను. ఆమెకి నా సంగతి మొత్తం తెలుసు. అతన్ని అక్కడికి పంపు. నేను ఒక్కదాన్నే కలుస్తాను, వనజని తీసుకురాను. ముందు మేమిద్దరం మాట్లాడుకోవాలి. నన్ను ఎవరూ ఎరగని మరో ఊళ్లో ఉద్యోగం దొరుకుతుందేమో ఎమిలీ చూస్తానంది. కొత్త ఊళ్లో కొత్తగా మొదలుపెట్టవచ్చు. వనజకి ఏం చెప్పాలో మాత్రం నాకింకా తోచలేదు.

అంతవరకు ఇక్కడికి రావద్దని చెప్పు. ఎందుకో నువ్వు చెప్పకు. నేనే చెబుతాను. నా నోటితో వినాలి.

హైమ

*

ఖరగ్‌పూర్
30 జూన్ 1964

హైమకి,

నీ దగ్గర నుంచి జాబు లేదు. ఈ ఉత్తరం నీకు సమయానికి అందితే అదృష్టం.

బావ నిన్న మద్రాసు మెయిలు ఎక్కాడు. నేను ఆపలేకపోయాను. "ఆలకి సెలవు దొరకదు, నాకు రోజూ సెలవే. నానే ఎల్తాను బావా" అన్నాడు. ఠాణా పెద్ద అధికారి బడోబాబు దగ్గర వారం రోజులకి అనుమతి కృపారావు గారే పూచీ ఉండి ఇప్పించారు. నీ చిరునామా నేనివ్వలేదు. నీ ఉత్తరాలు వచ్చే ఊరు మీ వదినకి తెలుసు, టీచరుద్యోగమని అందరికీ తెలుసు. పార్వతీపురంలో బాలికల స్కూలు వెతుక్కోవడం ఎంతసేపు!

స్టేషనుకి కమిటీ అంతా వచ్చింది. సింహాచలమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. దేముడు తన ఇస్త్రీ చొక్కా ఇచ్చాడు. వనజకి గోల్‌బజారులో ఒక చిన్న గొడుగు కొన్నాడు, ఏ రంగుదైతే ఆడపిల్లలకి నచ్చుతుందని సింహాచలమ్మని పదిసార్లు అడిగి. అందరూ పెళ్లికొడుకుని సాగనంపినట్టు సాగనంపారు. బండి కదిలేదాకా చెప్పాలనే నిలబడ్డాను. అంతమంది ఎదుట ఎలా చెప్పను? "ఇంటికి సూటిగా వెళ్లకు, ముందు స్కూలు దగ్గర కబురు పెట్టు" అని మాత్రం అన్నాను.

గుమ్మంలో అవమానించకు తల్లీ. ఏం చేసినా మెల్లిగా చెయ్యి.

అన్నయ్య

*

పార్వతీపురం
3 జూలై 1964

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం వచ్చింది. అతను నిన్ననే వచ్చి వెళ్లిపోయాడు.

నాలుగో తరగతికి పాఠం చెబుతున్నాను. ప్యూను వచ్చి, "ఖరగ్‌పూర్ నుంచి ఎవరో వచ్చారమ్మా" అన్నాడు. నువ్వే అనుకుని గబగబా వరండాలోకి వచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ గారూ మేనేజరు గారి భార్యా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మెట్ల కింద అతను నిలబడి ఉన్నాడు, చంకలో గొడుగుతో. నన్ను చూసి నవ్వబోయాడు. అతని చూపు నా నుదుటి మీద ఆగి, మెడ మీదికి దిగి, చేతుల దాకా వచ్చింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఎవరమ్మా ఈయన?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు నన్నడిగారు. నాకు నిజమూ రాలేదు, అబద్ధమూ రాలేదు. అతనే చేతులు జోడించాడు.

"దణ్ణవండి. నాను ఈ తల్లి పెనివిటికి నేస్తుడినండి. ఖరగ్‌పూర్ల ఒకే షాపుల పని సేసినాం. ఇటేపు పనుండి ఒచ్చినాను. ఓపాలి పిల్లని సూసి పోదావని."

అంత తొందరగా అతనికి ఎలా తోచిందో! ఏడేళ్లు జైల్లో ఉన్నవాడు ఎదుటివాళ్ల మొహం చూసి ఏం కావాలో తెలుసుకోవడం నేర్చుకుంటాడేమో. మేనేజరు గారి భార్య మెచ్చుకుంది. "పోయినవాణ్ని కూడా మరిచిపోలేదు. ఎలాంటి మనిషండీ ఆయన?" అంది.

"మంచోడేనండి. తాగితే మంచోడు కాడు. దానికే పోనాడు" అన్నాడు.

వనజని క్లాసులోంచి పిలిపించారు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. అది వచ్చి నమస్కారం పెట్టి అతన్ని చూసింది. తండ్రిని ఎరిగిన మనిషిని అది పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదలు. నన్నెప్పుడూ అడగని మాట అతన్ని అడిగింది. "చనిపోయినప్పుడు మా నాన్నకి నొప్పి తెలిసిందా అండీ?"

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "నేదమ్మా. అప్పుడేటీ తెలీనేదు" అన్నాడు. గొడుగు దాని చేతికిచ్చాడు. తలమీద చెయ్యి పెట్టబోయి, హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు చూసి, చెయ్యి దించేశాడు. అది థాంక్యూ చెప్పి క్లాసుకి పరుగెత్తింది.

మంచినీళ్లిస్తే తాగాడు. వెళ్తూ నా దగ్గర ఆగి మెల్లిగా, "ఎల్తానమ్మా. నీకేటీ బయిం నేదు" అన్నాడు. అమ్మా అన్నాడు అన్నయ్యా, పరాయి ఆడదాన్ని అన్నట్టు.

వెనకాలే వెళ్లాలనుకున్నాను. గంట కొట్టారు. పిల్లలు వరండా నిండా వచ్చేశారు. స్కూలు వదిలాక స్టేషనుకి పరుగెత్తాను. విజయనగరం ప్యాసింజరు వెళ్లిపోయిందన్నారు.

ఖరగ్‌పూర్ రాగానే అతనితో చెప్పు, దసరాకి విశాఖపట్నంలో కాదు, నేనే అక్కడికి వస్తానని. చేరగానే నాకు తంతి ఇవ్వు.

హైమ

*

ఖరగ్‌పూర్
20 సెప్టెంబరు 1964

హైమకి,

రాలేదు, రాలేదు అని నీకు నాలుగు కార్డులు రాశాను. ఇప్పుడు మనిషి ఎక్కడున్నాడో తెలిసింది. బతికే ఉన్నాడు. మళ్లీ జైల్లో ఉన్నాడు.

అనుమతి ఇచ్చిన వారం దాటగానే ఠాణా నుంచి కృపారావు గారికి పిలుపు వచ్చింది. పూచీ ఉన్నందుకు రెండుపూటలా నిలబెట్టి అడిగారు, పెద్దాయన అని కూడా చూడలేదు. వీధిలో ఒకటే మాట, పారిపోయాడని. మీటింగులో నాకు తెలిసినవాళ్లే, "మీ సొంత బావే ఇలా చేస్తే ఇంకెవరిని నమ్మమంటారు మేస్త్రీ?" అన్నారు. అతను ఎందుకు రాలేదో నాకు తెలుసు. చెబితే నీ గుట్టు చెప్పాలి. నోరు మూసుకున్నాను. కమిటీ ఆ రోజుతో సరి. ఆగస్టులో మనవాడు ఇంకొకడు విడుదలయ్యాడు. గేటు దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

ఒక్క జోగమ్మే వేరేగా మాట్లాడింది. కుళాయి దగ్గర అందరూ వినేలా అంది. "ఆడు పారిపోయే మనిసయితే ఆయేలే పారిపోయేవోడు. పోలీసులొచ్చేదాకా నా కొడుకు తల ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడు. నాను సూసినాను. ఆడికేదో అయింది. ఎతకండి." ఎవరూ వెతకలేదు. ఇప్పుడు ఆవిడ నీళ్లు ఆవిడే మోసుకుంటోంది.

ఈ నెల మొదట్లో ఒరిస్సా నుంచి ఇక్కడి ఠాణాకి విచారణ వచ్చింది, అప్పలకొండ అనే మనిషికి పాత శిక్ష ఉందా అని. రైల్వే పాసు తీసుకుని కటక్ జైలుకి వెళ్లాను. ఒక జంక్షన్లో ప్రయాణికుడి పెట్టె పోయిన కేసు. ఇతను ఒప్పుకున్నాడు. పాత శిక్ష ఉంది కనక రెండేళ్లు వేశారు.

కటకటాల అవతల నిలబెట్టారు. "నువ్వు తీశావా?" అన్నాను. "నేదు బావా." "మరెందుకు ఒప్పుకున్నావు?" అంటే ఇలా చెప్పాడు: "ప్లాట్‌ఫారం మీద తొంగున్నాను. లేపినారు. ఏ ఊరు, నీకెవరున్నారు అనడిగినారు. నాకెవలూ నేరన్నాను. అయితే నువ్వే తీసినావు అన్నారు. అవునన్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. వకీలుని పెడతాను, అప్పీలు చేస్తాను అన్నాను. వద్దన్నాడు. అతనే నన్ను ఓదార్చాడు. "ఇక్కడ బాగానే ఉంది బావా. పొద్దున్నే వరసల నిలబెట్టి పేరెట్టి పిలుస్తారు. అప్పలకొండా అంటారు. ఉన్నాను అని సెప్పాల. ఉన్నానని సెప్తాను."

నీ మీద పల్లెత్తు మాట అనలేదు. దసరాకి నువ్వు వస్తానన్నావని చెప్పాను. "ఒద్దని సెప్పు. పిల్ల సదువు పాడవుద్ది" అన్నాడు. అంతలో సమయమైపోయిందని నన్ను పంపేశారు.

నిన్ను అనడానికి నాకు నోరు లేదు. నువ్వు ఒక్క అబద్ధం చెప్పావు. నేను ఎన్ని చెప్పానో!

గణపతిరావు

*

పార్వతీపురం
4 అక్టోబరు 1964

అన్నయ్యకి,

నీ ఉత్తరం నాలుగు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. అయిదో రోజున వనజకి చెప్పాను. అన్నం తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ చెప్పాను. మాతా పూజ ఊరేగింపూ చెప్పాను, నూకయ్యా జోగమ్మా చెప్పాను, నేను తల ఊపిన సంగతీ చెప్పాను. ఆ రోజు వచ్చిన మనిషి ఎవరో చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే చెప్పాను. అది చాప అంచు లాగుతూ కూర్చుంది. "ఆయన మనిషిని చంపాడా?" అంది. అవునన్నాను. "ఇప్పుడు దొంగతనం కూడానా?" అంది. లేదు, చెయ్యలేదు, ఊరికే ఒప్పుకున్నాడన్నాను. అది నమ్మలేదు. చెయ్యనిది ఎవరైనా ఒప్పుకుంటారా అంది. అప్పుడు ఆ మాట అంది అన్నయ్యా. నెమ్మదిగా, పెద్దదానిలా అంది.

"ఆయన చనిపోయినట్టే ఉండనీ అమ్మా. మా క్లాసులో అందరికీ అలాగే తెలుసు."

అది నేను నేర్పిన పాఠం. తొమ్మిదేళ్ల పిల్ల తప్పు లేకుండా అప్పజెప్పింది. నిద్రపోయే ముందు ఇంకొక్కటి అడిగింది, హెడ్‌మిస్ట్రెస్ గారికి చెప్పవు కదా అని. చెప్పనని ఒట్టు వేయించుకుని పడుకుంది.

మీ కమిటీవాళ్లు అతనికి బట్టలిచ్చారు, గది ఇచ్చారు, పనిచ్చారు. తిరిగి వచ్చేవాడికి ఇవన్నీ ఇవ్వవచ్చు. అతనికి చోటు లేకుండా చేసింది నేను. నాకు చోటు లేకుండా చేసింది ఆ వీధి. ఇందులో ఎవరికి ఎంత అని పంచడం నాకు చేతకావడం లేదు.

అతను రావద్దన్నాడని రాశావు. వస్తాను. ఒకసారి నా ఎదుట అతను ఎవరో పరాయివాడినని చెప్పుకున్నాడు, నేను స్తంభం పట్టుకుని విన్నాను. అతని ఎదుట నేనెవరో చెప్పాలి. చూడటానికి వచ్చినవాళ్లు ఏమవుతారని జైల్లో అడుగుతారట కదా. అడగనీ.

శనివారం బయలుదేరుతున్నాను. నువ్వు కటక్ స్టేషన్లో ఉండు, ఒరియా నాకు రాదు. వనజని ఎదురింటావిడ దగ్గర ఉంచుతున్నాను. రానంది. నేను వెళ్తున్నది ఎక్కడికో దానికి తెలుసు. ఊళ్లోవాళ్లకి మాత్రం, విశాఖపట్నంలో స్నేహితురాలికి పురుడొచ్చిందని చెప్పాను.

హైమ